చెయ్యి, సార్

విరూపాక్ష చేతులు కడుక్కోవడం చూడాలంటే తీరిక ఉండాలి. ముందు మోచేతుల దాకా నీళ్లు, తర్వాత సబ్బు, తర్వాత గోళ్ల సందుల్లో బ్రష్షు, మళ్లీ నీళ్లు, మళ్లీ సబ్బు. ఈలోపల మందుల కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకు కోహీరు బస్సు వెళ్లిపోయేది. అయినా ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. "సార్ చేతులు కడుగుతుండు" అంటే ఆ దవాఖానలో అర్చన జరుగుతోందన్నంత మర్యాద.

జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కనున్న ఆ ట్రస్టు దవాఖానకు విరూపాక్షే ఫార్మసిస్టు. హైదరాబాదులో చదువుకుని వచ్చినవాడు. తెల్లటి చొక్కా, నుదుట మూడు విభూతి రేఖలు, చొక్కా లోపల మెడలో వేలాడే వెండి భరిణె లాంటి కాయలో ఇష్టలింగం. ఏటా చలికాలంలో అక్కడ కంటి శిబిరం పెట్టేవారు. న్యాల్‌కల్ నుంచీ, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచీ ముసలివాళ్లు బండ్లలో వచ్చి పొర తీయించుకునేవారు. ఆ కళ్లలో వేసే చుక్కల మందు దవాఖానలోనే తయారయ్యేది, అదీ విరూపాక్ష చేతుల మీదుగానే.

దానికోసం ఎనభై రెండులో బొంబాయి దాత ఒకాయన ఒక యంత్రం పంపించాడు. మంచమంత పొడవు ఇనుప పెట్టె, ముందు అద్దం, అద్దం కింద చేతులు దూరేంత సందు. మీట నొక్కితే లోపల పంకా గుర్రుమని తిరుగుతుంది. గదిలోని గాలిని లాక్కుని, మందపాటి వడపోత గుండా నెట్టి, దుమ్మూ క్రిమీ లేని గాలిని లోపల వదులుతుంది. ఆ గాలిలో చేతులు పెట్టి, ఆవిరిలో ఉడికించిన చిన్న సీసాల్లో మందు నింపి మూత బిగించాలి. దాని అసలు పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. హవా పెట్టె అన్నారు, అదే నిలిచిపోయింది.

హవా పెట్టె వచ్చిన కొత్తలో ప్యూను సంగయ్య దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టబోతే విరూపాక్ష విరగబడి నవ్వాడు. "ఏం సంగయ్యా, లారీ అనుకున్నవా? ఇది సైన్సు. దీనికి దిష్టి తగలదు, మురికి తగులుతది" అన్నాడు. ఆ మాట తర్వాత చాలా రోజులు దవాఖానలో తిరిగింది. చదువుకున్నవాడంటే అట్లా ఉండాలని అందరూ అనుకున్నారు. విరూపాక్ష కూడా అనుకున్నాడు.

సీసాలు కడిగేది అనంతమ్మ. రైలు కట్ట అవతలి వాడ నుంచి పొద్దున్నే వచ్చేది. ఆమె సీసాలు కడిగేది పెరట్లోని పంపు దగ్గర. చేతులు కడుక్కునేదీ అక్కడే. మందుల గదిలో ముఖం చూసుకునే అద్దం కింద ఒక తెల్ల బేసిన్ ఉంది, కానీ అది మందు చేసేవాళ్లకే అని విరూపాక్ష మొదటి రోజే చెప్పేశాడు. శుభ్రత కోసమన్నాడు. మరి సంగయ్య అదే బేసిన్‌లో రోజూ చాయ్ గ్లాసు కడుక్కుంటాడు కదా అని ఎవరన్నా అడిగారా? అడగలేదు. అనంతమ్మ కూడా అడగలేదు. అడగకపోయినా ఆమెకు తెలుసు.

ఒక ఏడు కార్తీకంలో శిబిరం బాగానే జరిగింది. రోగులు ఇంటికెళ్లాక మొదలైంది గోల. ఒకరి కన్ను ఎర్రబడిందని, ఇంకొకరి రెప్ప వాచిందని కబుర్లు వచ్చాయి. న్యాల్‌కల్ హనుమమ్మను కొడుకు బండిలో పడుకోబెట్టి తెచ్చాడు. కట్టు విప్పితే చీము. దవాఖాన పెద్ద డాక్టరు ఇందిరమ్మ ఆ వారమంతా ఇంటి ముఖం చూడలేదు. సూదుల మీద సూదులు వేసి, గంట గంటకూ కళ్లు కడిగి, ఎట్లాగో అందరి చూపూ నిలబెట్టింది. హనుమమ్మకు మాత్రం ఆ కంట మసకే మిగిలింది. చేతిని ముఖం ముందు ఆడిస్తే నీడ కదిలినట్టుంటదని చెప్పేది పాపం.

మిగిలిన చుక్కల మందును హైదరాబాదు పంపితే అందులో క్రిమి ఉందని తేలింది.

ఆ మాట వచ్చిన రోజు ఇందిరమ్మ అందరినీ వరండాలోకి పిలిచింది. నర్సులు, ఆయాలు, సంగయ్య, బల్లల మీద కూర్చున్న రోగులు కొందరు. ఆమె ఇంకా నోరు తెరవలేదు, విరూపాక్ష ముందుకొచ్చాడు. మందు తనది, పేరు తనది. ఎవరో ఒకరి వైపు వేలు చూపకపోతే అన్ని వేళ్లూ తన వైపే తిరుగుతాయి.

"అనంతమ్మా, ఇటు రా. చేతులు సూపియ్యి."

ఆమె కొంగుతో తడి తుడుచుకుని చేతులు చాపింది. నీళ్లలో నాని నాని ముడతలు పడ్డ చేతులు. విరూపాక్ష వాటిని ముట్టుకోలేదు, దూరం నుంచే వంగి చూశాడు.

"గోళ్లు జూడుండ్రి డాక్టరమ్మా. నేను మొత్తుకుంటనే ఉన్న. మీ వాళ్ల చేతులే గంత, ఎంత కడిగినా గంతే."

అనంతమ్మ తల ఎత్తి ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసింది. చాపిన చేతులు వెనక్కి తీసుకోవడం కూడా మరచినట్టు అట్లాగే నిలబడింది.

"విరూపాక్షగారూ, అసొంటి మాటలు వద్దు" అంది ఇందిరమ్మ. అన్నదే కానీ గట్టిగా అనలేదు. తర్వాత అనంతమ్మ వైపు తిరిగి, "పరీక్ష చేసెటాయన వస్తడు. అది తేలేదాంక నువ్వు రాకు. తప్పు నీదైతే ఇగ నౌకరి లేనట్టే" అంది. అనంతమ్మ చేతులు కొంగులో చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆమె కడిగిన సీసాలు తర్వాత ఆవిరి పెట్టెలో ఉడుకుతాయి. ఆ వేడికి ఎవరి చేతి క్రిమి అయినా చావాల్సిందే. మరి ఈ సంగతి విరూపాక్షకు తెలియదా? పరీక్షల్లో రాసి పాసైనవాడికి ఎందుకు తెలియదు, తెలుసు! ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తుకొచ్చింది కూడా. ఇంకో ముద్ద కలుపుకుని ఆ ఆలోచనను మింగేశాడు.

పరీక్ష చేసేందుకు హైదరాబాదు నుంచి రామ్‌కిషన్ అనే ఆయన వచ్చాడు. దవాఖానల్లో మందు చేసే యంత్రాలను పరీక్షించడమే ఆయన పని. బక్కపలుచని మనిషి, చేతిలో ఐసు డబ్బా, భుజానికి సంచి. బస్సు దిగి నేరుగా మందుల గదికి వచ్చి, సంచిలోంచి ఒక అగరుబత్తి తీసి వెలిగించాడు.

"పూజనా?" అన్నాడు సంగయ్య ఆశగా.

"గాలి ఎటు పోతదో చూస్తందుకు" అని నవ్వాడు రామ్‌కిషన్. హవా పెట్టె ముందు పెడితే పొగ చక్కగా, ఒక్క తీరుగా బయటికి వచ్చింది, లోపల ఎక్కడా సుడి తిరగలేదు. వడపోత చూశాడు. ఆవిరి పెట్టెను నడిపించి చూశాడు. ఏదీ వంక పెట్టేట్టు లేదు. "మీ పెట్టె బంగారం, సార్. ఇంత మంచిగ పెట్టుకున్నది నేను యాడ చూడలే" అన్నాడు. విరూపాక్ష ఛాతీ ఉబ్బింది.

"నేను జెప్పలే? యంత్రంల ఏం లేదు. సీసాల కాడనే ఉంది కథ."

"ఇగ మనిషిని చూడాలె" అన్నాడు రామ్‌కిషన్.

ఆ పరీక్ష ఇట్లా ఉంటుంది. మందుకు బదులు మాంసపు రసం ఇస్తారు. రోజూ మందు నింపినట్టే ఆ రసాన్ని సీసాల్లో నింపి మూత పెట్టాలి. వాటిని కోడి పొదిగినంత వెచ్చగా ఉండే డబ్బాలో కొన్నాళ్లు ఉంచితే, ఏమీ పడనిది తేటగా ఉంటుంది. ఒక్క క్రిమి పడ్డా చాలు, దానికి పండగే, రసమంతా విరిగిన మజ్జిగలా మడ్డిగా అయిపోతుంది. మాంసం అనగానే విరూపాక్ష ముక్కు ముడిచాడు. వాళ్ల ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాలేదు. కానీ వెనక్కి తగ్గితే ఏమనుకుంటారు?

"తెండ్రి. సీసాలు గూడ ఈసారి నేనే కడుక్కుంట. ఎవ్వలను చెయ్యి పెట్టనియ్య" అన్నాడు, వరండాలోకి వినపడేట్టు.

అన్నట్టే చేశాడు. తానే కడిగాడు, తానే ఆవిరికి పెట్టాడు, ఉడికించిన రబ్బరు గ్లౌజులు తొడుక్కుని తానే నింపాడు. రామ్‌కిషన్ వెనకాల స్టూలు మీద కూర్చుని చూశాడు. చివర్లో తానూ గ్లౌజులు తొడుక్కుని అదే పెట్టెలో, అదే రసంతో కొన్ని సీసాలు నింపి పక్కన పెట్టాడు. అన్నీ వెచ్చటి డబ్బాలో పెట్టించి హైదరాబాదు బస్సెక్కాడు.

మళ్లీ వారం రామ్‌కిషన్ రాగానే ఇందిరమ్మ గదిలో, ఆమె బల్ల మీదే సీసాలు వరసగా పెట్టారు. రామ్‌కిషన్ నింపినవి చాయ్ డికాషను వడపోసినట్టు తేటగా మెరుస్తున్నాయి. విరూపాక్ష నింపినవి సగానికి సగం మడ్డిగా తయారయ్యాయి. ఒకదాంట్లో తెల్లటి పోగులు తేలుతున్నాయి.

ఇందిరమ్మ ఒక సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. "ఇవి కడిగింది ఎవరు?"

"నేనే" అన్నాడు విరూపాక్ష. అప్పుడు ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేది! ఒప్పుకోలేదు మహానుభావుడు.

"మాంసం రసమాయె. అది ముట్టుకుంటుంటే మనసు మనసుల లేదు, చెయ్యి వణికింది. మందు చేసెటప్పుడు గిట్ల గాదు డాక్టరమ్మా. నా చెయ్యి పెట్టెల పెట్టినంక బయటికి తియ్యనే తియ్య. ఒట్టు."

రామ్‌కిషన్ చూపు ఆయన ఛాతీ మీదికి ఒకసారి పోయి వచ్చింది. మెల్లగా, "అట్లనా సార్, అయితే ఉత్త నీళ్లతోని చూద్దాం" అన్నాడు. మందుల అలమారలోంచి ఊదా మందు అడిగి తీసుకున్నాడు. పిల్లలకు నోటిపూత వస్తే పూసే జెన్షన్ వయొలెట్ అన్నమాట, ఒకసారి అంటితే వారం దాకా వదలదు. దాన్ని దూదితో విరూపాక్ష గ్లౌజుల వేళ్ల కొసలకు పూశాడు. "ఇగ మీ పని మీరు చేసుకోండి. రోజు చేసినట్టే చెయ్యాలె."

ఆ కబురు ఎట్లా పాకిందో ఏమో, కిటికీ అద్దం అవతల సగం దవాఖాన పోగైంది. విరూపాక్ష పట్టించుకోలేదు. పీట మీద కూర్చుని, అద్దం కింది సందులో చేతులు పెట్టి, ఒక్కో సీసాలో నీళ్లు నింపి మూత బిగించాడు. చేతుల మీదే ధ్యాస పెట్టాడు. ఇదిగో చెయ్యి, ఇదిగో సీసా, ఇదిగో మూత. ఎక్కడికీ పోలేదు. కాసేపటికి వరస కుదిరింది. పంకా గుర్రుమంటోంది. చేతులు వాటంతట అవి పని చేసుకుపోతున్నాయి. అన్నీ అయ్యాక లేచి, వెనక్కి తిరిగి, గెలిచినవాడిలా అడిగాడు.

"సూశిన్రా?"

నర్సు ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగయ్య నేల చూపులు చూస్తున్నాడు. ఇందిరమ్మ బేసిన్ మీది అద్దం వైపు చూపించి, "ఒకసారి చూసుకోండ్రి" అంది, ఎంతో నెమ్మదిగా.

అద్దంలో విరూపాక్షకు తెల్ల చొక్కా కనపడింది. ఛాతీ మధ్యలో, లోపల లింగం కాయ ఉండే చోట, ఊదా మరక. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి, వేళ్లు మళ్లీ మళ్లీ పడ్డట్టు. నుదుట విభూతి రేఖలు చెరిగి, వాటి స్థానంలో ఊదా గీతలు. కనురెప్పల మీద కూడా రెండు చుక్కలు.

అద్దంలో ఉన్నది తనేనా? తానెప్పుడు ముట్టుకున్నాడు? చిన్నప్పుడు నాయనమ్మ నేర్పింది, ఏ మంచి పని మొదలుపెట్టినా లింగం ముట్టి, ఆ చెయ్యి నుదుటికీ కళ్లకూ అద్దుకోమని. బడిలో పలక పట్టినప్పుడు అద్దుకున్నాడు, పరీక్ష హాల్లో అద్దుకున్నాడు. అది చేతికి ఎంత పాత అలవాటంటే, చెయ్యి మనిషిని అడగడం మానేసి ఎన్నేళ్లయిందో. ఆయన లెక్కలో అది ముట్టుకోవడమే కాదు, దండం. ఎవరైనా కళ్ల మందు చేసేముందు దండం పెట్టుకోవద్దా? పెట్టుకున్నాడు, ప్రతి సీసాకూ. నుదుటి చెమట, చొక్కా దుమ్ము, విభూతి పొడి అన్నీ వేళ్లకు తీసుకుని, హనుమమ్మ కంట్లో వేసే మందు దగ్గరికి తీసుకెళ్లాడు.

"దేవునిది ఏం తప్పు లేదు సార్" అన్నాడు రామ్‌కిషన్, ఆయన ముఖం చూసి జాలిపడి. "దండం గ్లౌజులకు ముందు పెట్టుకోండి, ఎన్నిసార్లన్న పెట్టుకోండి. తొడుక్కున్నంక మన ఒళ్లు మనది గాదు, గంతే."

విరూపాక్షకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కిటికీ అవతలి ముఖాలన్నీ ఆ రోజు వరండాలో ఉన్నవే. అప్పుడు వాళ్లు చూసింది అనంతమ్మ చేతులను. ఇప్పుడు చూస్తున్నది ఆయన నుదురును.

"సంగయ్యను పంపి అనంతమ్మను రమ్మంట" అంది ఇందిరమ్మ. "నేను గూడ ఆ రోజు గట్టిగ అనకపోతిని."

సంగయ్య వెళ్తాడు, రమ్మంటాడు, ఆమె వస్తుంది, మళ్లీ సీసాలు కడుగుతుంది, ఎవరూ ఏమీ మాట్లాడుకోనక్కర్లేదు. విరూపాక్షకు ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. వెంటనే, అట్లా లేచి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సంగయ్య వద్దు. నేనే పోత" అన్నాడు.

ఇంట్లో భార్య గిరిజమ్మ ఆయనను చూసి గాభరాపడింది. సరిహద్దు సంబంధం వాళ్లది, ఆమె మాట సగం కన్నడం సగం తెలుగు. "ఏన్రీ! నొసటికి ఏమైంది?" అంటూ పీట వేసి కూర్చోబెట్టి, నిమ్మచెక్కతో రుద్దింది, కొబ్బరినూనెతో రుద్దింది. చర్మం ఎర్రబడిందే కానీ ఊదా పోలేదు. "రెండు మూడు దినాలల్ల పోతదేమో. అప్పటిదాంక ఇంట్లనే ఉండుండ్రి. ఒంట్ల బాగలేదని కబురు పంపుత."

ఆయనకూ అదే కావాలనిపించింది. మరక పోయాక వెళ్లొచ్చు కదా, అనంతమ్మ ఎక్కడికి పోతుంది? కానీ చెప్పకుండా ఉండలేక, జరిగింది మొత్తం భార్యకు చెప్పాడు. వరండా మాట కూడా, ఉన్నదున్నట్టు. నూనె రుద్దుతున్న గిరిజమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆ మాట మీరు కొత్తగ అన్నది గాదు. ఇంట్ల ఎన్నిమాట్ల అనలే? మేం నవ్వితిమి. ఆమెకు ఇనవడలే గంతే" అంది. "నవ్వినందుకు నాకు గూడ సిగ్గయితున్నది" అంటూ నూనె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు విరూపాక్ష తువ్వాలు తలకు చుట్టబోయి, మళ్లీ తీసి దండెం మీద వేసి బయలుదేరాడు. బజారంతా పలకరింపులే. "నమస్తే సార్, గదేంది నొసటి మీద?" అని కిరాణా షాపాయన, "హోలీ ముందుగాలనే ఆడిన్రా?" అని సైకిలు షాపాయన. ఒక్కో మాటకూ ఒంట్లో రక్తం ముఖంలోకి వచ్చి పోతోంది. అనంతమ్మ ఇంట్లో లేదు. అల్లం కడిగే పనికి పోయిందని పక్కింటావిడ చెప్పింది.

అల్లం మండీ వెనక పెద్ద తొట్లు ఉంటాయి. చలికాలంలో చేలనుంచి వచ్చిన అల్లాన్ని ఆడవాళ్లు అక్కడ గోనెపట్టాలతో రుద్ది మన్ను పోగొడతారు. పొద్దంతా రుద్దితే చేతులు మిరపకాయ పూసినట్టు మండుతాయి. తొట్టి చుట్టూ కూర్చున్నవాళ్లలో అనంతమ్మ ఆయనను ముందుగా చూసింది. చూసి మళ్లీ పనిలో పడింది. మిగతావాళ్లు మాత్రం నుదురు చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"అనంతమ్మా, జర ఇటు రా. పక్కకు పోయి మాట్లాడుదాం."

"ఎందుకు సార్? ఆడ పదిమందిల అన్నరు. ఈడ గూడ పదిమంది ఉన్నరు. గీడనే చెప్పుండ్రి."

విరూపాక్ష చుట్టూ చూశాడు. లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది, అది పోయేదాకా ఆగాడు. ఇంక ఆగడానికి ఏ సాకూ మిగల్లేదు.

"తప్పు నాది. గ్లౌజులు వేసుకుని నేనే లింగం ముడుతున్న, నొసలు ముడుతున్న. నాకే తెల్వలే. పరీక్షల తేలింది. గీ మరక అదే." నుదురు చూపించాడు. "హనుమమ్మ కన్ను నా చేతులకెల్లి ఖరాబయింది. నీ చేతులతోని గాదు. డాక్టరమ్మ రమ్మన్నది. నేను గూడ రమ్మంటున్న."

అనంతమ్మ ఒక అల్లం కొమ్మును నీళ్లలో ముంచి తీసి, సందుల్లో మన్ను వేలితో గీకి, గంపలో వేసింది.

"నా చేతులు గావని చెప్పిన్రు. మంచిది సార్" అంది. "మా వాళ్ల చేతులన్నరు గద ఆనాడు. ఎంత కడిగినా గంతే అన్నరు. ఆ పరీక్ష గూడ చేసిన్రా?"

విరూపాక్ష నోరు తెరిచాడు. సీసాల సంగతయితే చెప్పొచ్చు, అలవాటు సంగతయితే చెప్పొచ్చు. ఈ మాట అంతకు ముందు నుంచీ ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది, పెరటి పంపు దగ్గర ఉంది. ఏ వెచ్చటి డబ్బాలో పెట్టి తేటపడిందని చూపిస్తాడు? ఆయన అట్లాగే, తిట్టించుకోవడానికి వచ్చి తిట్లు కూడా దొరకనివాడిలా, తల దించుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఊదా చుక్కలున్న రెప్పల మీదుగా జారాయి.

"ఏడ్వకుండ్రి. అందరు చూస్తున్నరు" అంది అనంతమ్మ, విసుగ్గా. "పొండ్రి. వస్త. నౌకరి నాది, ఒకరిచ్చింది గాదు."

సోమవారం నాడు మళ్లీ పరీక్ష పెట్టారు. రామ్‌కిషన్ ఒక షరతు పెట్టాడు. అలవాటు పోయేదాకా విరూపాక్ష పని చేసేటప్పుడు ఒకరు పక్కన కూర్చుని, చెయ్యి లేచినప్పుడల్లా చెప్పాలి. చెయ్యి లేస్తే ఆ గ్లౌజులు తీసేసి కొత్తవి తొడుక్కోవాలి, ఆ సీసా పారబోయాలి. సంగయ్యను కూర్చోమంటే చెవులు పట్టుకున్నాడు, సార్‌కు నేను చెప్పుడేందని. నర్సులు కూడా నసిగారు.

"నేను కూసుంట" అంది అనంతమ్మ.

స్టూలు తెచ్చుకుని హవా పెట్టె పక్కన కూర్చుంది. పంకా గుర్రుమంది. విరూపాక్ష మొదటి సీసా అందుకున్నాడు. చేతులు లోపలే ఉన్నాయనుకున్నాడు.

"చెయ్యి, సార్."

చూస్తే కుడి చెయ్యి అప్పటికే ఛాతీ దాకా వచ్చి ఉంది. సిగ్గుతో దించేశాడు. గ్లౌజులు మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. రెండు సీసాలు బాగానే అయ్యాయి.

"చెయ్యి, సార్."

ఆ గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. బస్సులో కండక్టరు స్టేజీ పేరు చెప్పినట్టు చెప్తోంది. ఆ పూటంతా ఎన్నిసార్లు ఆ మాట వినపడిందో కానీ, ప్రతిసారీ విరూపాక్ష చెవులు కాలాయి. మధ్యాహ్నానికి గ్లౌజుల డబ్బా అడుగంటింది. ఆఖరి వరస సీసాలు మాత్రం ఒక్క మాట కూడా వినపడకుండా పూర్తయ్యాయి. విరూపాక్ష లేచి, గ్లౌజులు తీసేసి, ఊపిరి పీల్చుకున్నాడు.

అనంతమ్మ కూడా లేచింది. ఆమె చేతులు ఇంకా అల్లం మంటకు ఎర్రగా ఉన్నాయి. పెరట్లోకి వెళ్లబోయి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, అద్దం కింది తెల్ల బేసిన్ ముందు నిలబడింది. ఎవరినీ అడగలేదు. నల్లా తిప్పి, సబ్బు తీసుకుని, మోచేతుల దాకా రుద్దుకుని, తీరిగ్గా కడుక్కుంది. సబ్బును దాని చోట పెట్టి పక్కకు జరిగింది.

ఇక విరూపాక్ష వంతు. నల్లా కింద చేతులు తడుపుకున్నాడు. సబ్బు కోసం చెయ్యి చాపాడు. ఆమె చేతి నురుగు ఇంకా దాని మీదే ఉంది. అంత సిగ్గుపడి వచ్చినవాడు, పదిమందిలో ఏడ్చి వచ్చినవాడు, అయినా ఆయన చెయ్యి ఆ సబ్బుకు బెత్తెడు దూరంలో గాలిలో ఆగిపోయింది. ఆయన ఆపలేదు. అదే ఆగింది.

తల తిప్పి చూడటానికి భయం వేసింది. చూడనక్కర్లేదు. ఆమె అక్కడే నిలబడి ఉంది, పొద్దుట్నుంచీ చూస్తున్నట్టే చూస్తోంది.

"చెయ్యి, సార్" అంది అనంతమ్మ.

విరూపాక్ష సబ్బు అందుకున్నాడు. అది తడిగా, జారుడుగా ఉంది, కొద్దిగా అల్లం వాసన వేస్తోంది. తల ఎత్తకుండా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.